టబ్ లేని ఇంట్లో బాత్ బాంబు: బోరు నీళ్ళు, నల్ల బండలు, షుగరున్న అత్తగారు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీది కడప. ఇంట్లో బోరు నీళ్ళే వాడతారు. బాత్‌రూంలో టబ్ లేదు, కింద నల్ల బండలు పరిచారు. అమెరికా నుంచి వచ్చిన మీ వదిన బాత్ బాంబుల (నీళ్ళలో వేస్తే బుసబుస పొంగి కరిగే సువాసన ఉండల) డబ్బా ఇచ్చి వెళ్ళారు. వాటిని బకెట్ నీళ్ళలో వేసి మగ్గుతో పోసుకోవచ్చా, రోజంతా స్కూల్లో నిలబడి వచ్చాక కాళ్ళ నొప్పి తగ్గుతుందా, షుగరున్న మీ అత్తగారూ ఏడేళ్ళ పాపా కూడా వాడొచ్చా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. మీరు వాడొచ్చు, కానీ బకెట్లో వేసి ఒంటి మీద పోసుకోవద్దు. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో పది లీటర్ల గోరువెచ్చని నీళ్ళు పోసి, ఉసిరికాయంత ముక్క ఒక్కటి వేసి, పావుగంట పాదాలు నాననివ్వండి. మీ అత్తగారికి వద్దు. పాప అది బుసబుస పొంగడం చూసి సంబరపడితే చాలు, అందులో కూర్చోబెట్టకండి. ఎందుకో ఒక్కొక్కటీ చెప్తాను.

నేను అనంతపురంలో బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. పెడిక్యూర్‌కు వచ్చేవాళ్ళ పాదాలు నానబెట్టడానికి బాత్ బాంబులు నేనే చేసుకుంటాను. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో టీచర్లు, నర్సులు, బట్టల షాపుల్లో సేల్స్ చేసే అమ్మాయిలు ఎక్కువ. వీళ్ళందరిదీ మీలాగే పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడే ఉద్యోగం. "కాళ్ళు శానా పీకుతాండాయి అక్కా" అంటూనే లోపలికి వస్తారు. అందుకని ఈ విషయంలో నాకు తెలిసింది ఎక్కువగా పాదాల నుంచి తెలిసిందే.

బాత్ బాంబులో అసలు సరుకు రెండే: వంటసోడా, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). పొడిగా ఉన్నంతసేపు రెండూ కదలకుండా ఉంటాయి. నీళ్ళు తగలగానే కలిసిపోయి కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పైకి వస్తుంది, నీళ్ళలో సోడియం సిట్రేట్ అనే లవణం మిగులుతుంది. మిగతావన్నీ పైపై హంగులు: కార్న్‌ఫ్లోర్, ఏదో ఒక నూనె, సువాసన, రంగు, కొన్నిట్లో ఎప్సం సాల్ట్ అనే మెగ్నీషియం లవణం, ఇంకొన్నిట్లో నురగ వచ్చే పొడి. ఆ బుడగలు ఒంటికి చేసే మేలంటూ పెద్దగా లేదు. నూనెనూ సువాసననూ నీళ్ళంతటా చల్లడమే వాటి పని.

ఇది పుట్టిందే టబ్బు స్నానం అలవాటున్న దేశంలో. 1989లో ఇంగ్లండ్‌లోని డోర్సెట్‌లో మో కాన్‌స్టంటైన్ అనే ఆవిడ తన ఇంటి వెనక షెడ్డులో మొదటి బాత్ బాంబు తయారుచేసింది. కడుపు మంటకు నీళ్ళలో వేసుకుని తాగే పొంగు మాత్రను చూసి ఆమెకు ఆ ఆలోచన వచ్చింది. తర్వాత ఆమె లష్ అనే కంపెనీ స్థాపకుల్లో ఒకరైంది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఒక బాంబు అంటే ఒక టబ్బుకు అని లెక్క. అలాంటి స్నానాల టబ్బులో 150 నుంచి 200 లీటర్ల నీళ్ళు పడతాయి. 200 గ్రాముల బాంబును అన్ని నీళ్ళలో వేస్తే లీటరుకు గ్రాము, గ్రామున్నర చొప్పున పడుతుంది. అదే బాంబును పదిహేను లీటర్ల బకెట్లో వేస్తే లీటరుకు పదమూడు గ్రాములు. ఇంచుమించు పదింతలు!

చాలామందికి దురద, మంట, చర్మం బిగుసుకుపోవడం వచ్చేది సరిగ్గా ఇక్కడే. బాంబు మంచిది కాదని తిట్టుకుంటారు గానీ, తేడా మోతాదులో ఉంది. మామూలుగా రెండు వంతుల సోడాకు ఒక వంతు నిమ్మ ఉప్పు కలుపుతారు. అంత సోడాను పూర్తిగా అణచడానికి ఆ నిమ్మ ఉప్పు చాలదు. లెక్క ప్రకారం 192 గ్రాముల నిమ్మ ఉప్పుకు 252 గ్రాముల సోడా చాలు. కాబట్టి రెండుకు ఒకటి కలిపినప్పుడు వేసిన సోడాలో మూడో వంతు అలాగే నీళ్ళలో మిగిలిపోతుంది. మన చర్మం కొద్దిగా ఆమ్ల గుణం కలది, పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, ఏడు కంటే తక్కువైతే ఆమ్లం) అయిదు చుట్టుపక్కల ఉంటుంది. సోడా నీళ్ళేమో క్షారం. టబ్బులో పలచగా ఉన్నప్పుడు చర్మం దాన్ని పట్టించుకోదు. బకెట్లో చిక్కగా ఉన్నప్పుడు చర్మం మీది జిడ్డును లాగేస్తుంది. అసలే మన సీమ ఎండకూ పొడి గాలికీ పొడిబారిన చర్మం అది.

పైగా మగ్గుతో తల మీద పోసుకుంటే రంగు, నూనె, సువాసన అన్నీ కళ్ళలోకి, జుట్టులోకి పోతాయి. ఆడవాళ్ళకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. సువాసనా రంగూ కలిసిన చిక్కటి నీళ్ళు జననాంగాల దగ్గర తగిలితే మంట, దురద పుడతాయి. కొందరికి ఇన్ఫెక్షన్ దాకా పోతుంది. మామూలుగానే ఆ సమస్య వచ్చి పోతుండేవాళ్ళు టబ్బు ఉన్నా సరే వీటిలో కూర్చోకపోవడం మంచిది. పాదాలు నానబెట్టుకోవడంలో ఈ గొడవ ఏదీ లేదు.

అందుకే పాదాల పద్ధతి చెప్పాను. మీ దగ్గరున్న బాంబు 200 గ్రాములదైతే దాన్ని ఎనిమిది ముక్కలు చేయండి. ఒక్కో ముక్క 25 గ్రాములు వస్తుంది. పది లీటర్లకు అది ధారాళంగా సరిపోతుంది, చర్మం సున్నితమైతే అందులోనూ సగమే వేయండి. ఆ లెక్కన ఒక్క బాంబు ఎనిమిది సాయంత్రాలకు వస్తుంది. కవరులో పెట్టి చపాతీ కర్రతో ఒక్క దెబ్బ వేస్తే పగులుతుంది. చేతులు, కర్ర, కవరు అన్నీ పొడిగా ఉండాలి. మిగిలిన ముక్కలను గాలి చొరబడని డబ్బాలో వేసి అల్మరాలో పెట్టుకోండి, బాత్‌రూంలో మాత్రం పెట్టొద్దు.

నీళ్ళ సంగతి కూడా ఆలోచించే చెప్తున్నాను. 150 లీటర్లంటే పది బకెట్లు. అనంతపురం దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. మే నెలలో మా వీధిలో ట్యాంకరు వస్తే బిందెలు వరసగా పెట్టుకుని నిలబడతాం. అలాంటి చోట ఒక మనిషి ఒళ్ళు నానబెట్టుకోవడానికి పది బకెట్లు పారబోయమని నేను చెప్పలేను. చెప్పాల్సిన అవసరమూ లేదు, ఎందుకంటే ఒళ్ళు తేలికపడటానికి పాదాలు చాలు. దాని సంగతి కింద చెప్తాను.

బోరు నీళ్ళలో పనిచేస్తుందా? బాగా పనిచేస్తుంది. మన బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు రుద్దితే నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది, గీజరు కాయిల్‌కు సున్నం పేరుకుంటుంది. కర్నూలులో తుంగభద్ర నీళ్ళు కుళాయికి వచ్చే ఇళ్ళవాళ్ళకు ఈ బాధ మనంత ఉండదు. బాత్ బాంబులో మామూలుగా సబ్బు ఉండదు కాబట్టి తెట్టు కట్టదు. అంతేకాదు, పొంగు తగ్గాక నీళ్ళలో మిగిలే సోడియం సిట్రేట్ కాల్షియాన్ని కొంతవరకు తనతో పట్టేసుకుంటుంది. అందుకే బోరు నీళ్ళలో ఒక ముక్క వేసి చెయ్యి పెడితే నీళ్ళు మెత్తబడినట్టు తెలుస్తుంది. నా కస్టమర్లు చాలామంది ఈ తేడాను నేను చెప్పకముందే గుర్తుపడతారు. ఒకటే జాగ్రత్త: ముందు సబ్బుతో కాళ్ళు కడిగేసి, సబ్బంతా పోయాక టబ్బులో పెట్టండి. సబ్బు కాళ్ళతోనే దిగితే ఆ మెత్తదనం కాస్తా తెట్టుగా మారిపోతుంది.

మన బోర్లలో ఫ్లోరైడ్ ఉంది, నానితే ఒంట్లోకి ఎక్కుతుందా అని కొందరు భయపడతారు. ఫ్లోరైడ్‌తో చిక్కు తాగే నీళ్ళతోనే. చర్మం గుండా ఒంట్లోకి పోదు.

ఇక వేడి. నీళ్ళు 38, 39 డిగ్రీల దగ్గర ఉండాలి. అంటే ఒంటి వేడి కంటే కాస్త ఎక్కువ, అంతే. థర్మామీటరు లేకపోతే మోచెయ్యి ముంచి చూడండి. వెచ్చగా, హాయిగా అనిపించాలి, చురుక్కుమనకూడదు. మామూలు కాలంలో ఎనిమిదిన్నర లీటర్ల కుళాయి నీళ్ళకు లీటరున్నర మసిలే నీళ్ళు కలిపితే ఇంచుమించు అంత వేడి వస్తుంది. జనవరి చలిలో మసిలే నీళ్ళు రెండు లీటర్లు దాటతాయి. ఎప్పుడైనా చన్నీళ్ళు ముందు పోసి, వేన్నీళ్ళు తర్వాత కలపండి. కాళ్ళు లోపల పెట్టుకుని పైనుంచి మసిలే నీళ్ళు పోసుకోకండి. మే నెలలోనైతే మధ్యాహ్నం మేడ మీది సింటెక్స్ ట్యాంకు నీళ్ళే కాగిపోయి వస్తాయి, వాటికి చన్నీళ్ళు కలుపుకోవాల్సి వస్తుంది. అప్పుడు పొయ్యి వెలిగించే పనే లేదు.

నీళ్ళు కాచే విషయంలో రెండు మాటలు గట్టిగా చెప్పాలి.

హీటర్ రాడ్ వాడేవాళ్ళు: రాడ్ స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, రాడ్ బయటికి తీశాకే నీళ్ళలో చెయ్యి పెట్టండి. ఆ నీళ్ళను వేరే టబ్బులోకి వంచుకున్నాకే బాంబు ముక్క వేయండి. రాడ్ ఉన్న నీళ్ళలో వేయడం గానీ, నీళ్ళు చల్లారాయని మళ్ళీ రాడ్ దించడం గానీ వద్దే వద్దు. లవణం కలిసిన నీళ్ళలో కరెంటు ఇంకా బాగా పారుతుంది.

గ్యాస్ గీజరు ఉన్నవాళ్ళు: గీజరు బాత్‌రూం లోపలే ఉండి, తలుపూ కిటికీ మూసుకుని కూర్చుంటే కొద్ది నిమిషాల్లోనే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పేరుకోవచ్చు. దానికి వాసన ఉండదు. కళ్ళు తిరిగేసరికి లేచి తలుపు తీసే ఓపిక కూడా ఉండదు. మన దేశంలో ఏటా చలికాలంలో ఇలా ప్రాణాలు పోయిన వార్తలు వస్తూనే ఉన్నాయి. నీళ్ళు పట్టుకుని, గీజరు ఆపి, టబ్బును హాల్లోకో వరండాలోకో తెచ్చుకుని కూర్చోండి. బాంబు నుంచి వచ్చే గ్యాస్ గురించి భయం అక్కర్లేదు. పాతిక గ్రాముల ముక్క నుంచి వచ్చేది రెండు మూడు లీటర్ల కార్బన్ డయాక్సైడే, గదిలో కలిసిపోతుంది.

గిన్నెల సంగతి. కొందరి ఇళ్ళలో పాతకాలపు రాగి కాగులూ ఇత్తడి గంగాళాలూ ఉంటాయి. చూడ్డానికి అందంగా ఉంటాయని వాటిలో బాంబు వేసి ఫోటోలు తీసుకుంటున్నారు. నిమ్మ ఉప్పు రాగిని, ఇత్తడిని తోముతుంది. లోపలి మరకలన్నీ నీళ్ళలోకి దిగుతాయి, ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టడం ఎందుకు? అల్యూమినియం కూడా వద్దు. ప్లాస్టిక్ టబ్బు గానీ స్టీలు బేసిన్ గానీ తీసుకోండి.

మీ నల్ల బండల గురించి మీరు అడగలేదు గానీ, అడగాల్సిన ప్రశ్న అదే. కడప బండ, బేతంచెర్ల బండ, తాడిపత్రి బండ అన్నీ సున్నపురాయి జాతివి. ఆమ్లం పడితే సున్నపురాయి కరుగుతుంది. బాత్‌రూం యాసిడ్ పోసిన చోట బండ తెల్లబారి గరుకుగా మారడం మీరూ చూసే ఉంటారు. బాంబు నీళ్ళలో పూర్తిగా కరిగాక భయం లేదు, సోడా ఆ ఆమ్లాన్ని అణిచేస్తుంది. చిక్కంతా తడి చేత్తో పట్టుకున్న ముక్కను బండ మీద పెట్టేసి మర్చిపోవడంతోనే. మా కస్టమర్ ఒకామె కొత్త ఇంట్లో పాలిష్ పట్టించిన బండ మీద రాత్రంతా తడి ముక్క వదిలేసింది. పొద్దునకల్లా రూపాయి బిళ్ళంత తెల్ల మచ్చ పడింది. ఎంత తుడిచినా పోలేదు, చివరికి మళ్ళీ పాలిష్ వాళ్ళను పిలిపించాల్సి వచ్చింది. ముక్కను స్టీలు ప్లేటులోనే పెట్టండి.

దానికంటే పెద్ద ప్రమాదం జారిపడటం. బాంబుల్లో నూనె ఉంటుంది. నీళ్ళు పారబోశాక ఆ నూనె పొర బండ మీద నిలిచిపోతుంది. నున్నటి నల్ల బండ మీద అది కంటికి కనిపించదు. వెంటనే గిన్నెల సబ్బు నీళ్ళతో ఒకసారి రుద్ది కడిగేయండి. ముఖ్యంగా మీ ఇంట్లో పెద్దావిడ ఉన్నారు కాబట్టి, ఆవిడ బాత్‌రూంకు వెళ్ళే దారిలో టబ్బు పెట్టుకోకండి.

ఇప్పుడు ఆవిడ విషయానికే వస్తాను. షుగరున్నవాళ్ళు పాదాలను వేన్నీళ్ళలో నానబెట్టకూడదు, బాత్ బాంబు ఉన్నా లేకున్నా. చాలా ఏళ్ళుగా షుగరుంటే పాదాల నరాలు మొద్దుబారతాయి. వేడి తెలియదు. మా దగ్గరికి వచ్చే ఒకావిడ వాళ్ళమ్మకు కాళ్ళు తిమ్మిరిగా ఉన్నాయని ఇంట్లో వేన్నీళ్ళు పెట్టిచ్చారు. ఆమె పాదాలు పెట్టుకుని "ఇంకా కాగలేదు, ఇంకొంచెం పొయ్యండి" అంటూనే ఉంది. ఇంట్లోవాళ్ళు చెయ్యి ముంచి చూడలేదు. మర్నాటికి పాదం నిండా బొబ్బలు, అందులో ఒకటి పుండై నెలల తరబడి మానలేదు. కాలక్షేపానికి చేసిన పని ఆస్పత్రి దాకా తీసుకెళ్ళింది.

వేడి ఒక్కటే కాదు. ఎక్కువసేపు నానితే చర్మం పొడిబారి పగుళ్ళు వస్తాయి, ఆ పగుళ్ళ గుండా సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. షుగరున్నవాళ్ళకు చిన్న పగులు కూడా చిన్నది కాదు. నేను నా పార్లర్‌లో షుగరు ఉందని చెప్పినవాళ్ళ పాదాలు నానబెట్టను. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, వేళ్ళ సందులు మెత్తటి గుడ్డతో తడి లేకుండా తుడిచి, పాదం పైనా మడమకూ క్రీము రాస్తాను, వేళ్ళ సందుల్లో మాత్రం రాయను. మీ అత్తగారికి రోజూ రాత్రి మీరు ఇదే చేసిపెట్టండి. పాదం అడుగు చూసుకోవడం ఆవిడకు కష్టం కదా, ఆ పది నిమిషాల్లో మీరే పుండ్లు, ఎర్రబడిన చోట్లు ఏమైనా ఉన్నాయేమో చూడొచ్చు. ఆవిడకు నిజంగా పనికొచ్చేది అదే.

పాప గురించి. చిన్నపిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, సువాసన, నురగ ఉన్న నీళ్ళలో కూర్చుంటే మూత్రం పోసేటప్పుడు మంట వస్తుంది. అందుకని కూర్చోబెట్టొద్దన్నాను. ఒక గాజు గిన్నెలో నీళ్ళు పోసి చిన్న ముక్క వేసి చూపించండి, దానికి చాలా ముచ్చట పడతారు. ఆ డబ్బా మాత్రం అందకుండా పెట్టండి. రంగురంగులుగా, పండ్ల వాసనతో మిఠాయిలాగే ఉంటాయి, నోట్లో పెట్టుకుంటారు.

గర్భిణులు, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, ఒళ్ళంతా వేన్నీళ్ళలో మునిగి కూర్చోవద్దు, ఒంటి వేడి పెరగడం బిడ్డకు మంచిది కాదు. బీపీ తక్కువ ఉన్నవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడగాలి. నానిన తర్వాత గభాలున లేస్తే కళ్ళు తిరుగుతాయి. గజ్జి, తామర, తెగిన గాయం, నెత్తురు కనబడే మడమ పగుళ్ళు ఉంటే అవి మానేదాకా ఆగండి. సువాసనలు పడనివాళ్ళు మోచేతి మడతలో ఆ నీళ్ళు రెండు చుక్కలు రాసి ఒక రోజు చూడండి. దాల్చిన చెక్క నూనె, పుదీనా నూనె ఉన్న బాంబులు చాలామందికి మంట పుట్టిస్తాయి.

మరి నొప్పులు తగ్గుతాయా అన్నారు. తగ్గుతాయి, కానీ తగ్గించేది బాంబు కాదు, వెచ్చటి నీళ్ళు. కండరాలు వదులవుతాయి, పాదాలకు రక్తం బాగా పారుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా మీరు పావుగంట కూర్చుంటారు! స్కూలు నుంచి వచ్చి నేరుగా వంటింట్లోకి పోయే మనిషికి ఆ కూర్చోవడం ఎంత అవసరమో నాకు తెలుసు. నిద్ర విషయంలో కూడా ఇది పనికొస్తుంది. 2019లో అమెరికాలోని టెక్సాస్ యూనివర్సిటీ వాళ్ళు అంతకుముందు జరిగిన చాలా పరిశోధనలను కలిపి చూశారు. పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు 40 నుంచి 42.5 డిగ్రీల నీళ్ళతో స్నానం చేసినవాళ్ళకు సగటున పది నిమిషాలు ముందుగా నిద్ర పట్టిందని తేల్చారు. చేతులకూ కాళ్ళకూ రక్తం వెళ్ళి ఒంటి లోపలి వేడి అక్కడి నుంచి బయటికి పోతుంది, లోపల చల్లబడగానే నిద్ర వస్తుంది. పాదాలు నానినా అదే దారి. అంత వేడి అవసరం లేదు, నేను చెప్పిన 39 డిగ్రీలు చాలు. కాబట్టి పదిన్నరకు పడుకునేవాళ్ళైతే తొమ్మిదికి టబ్బు పెట్టుకోండి, సరిగ్గా పడుకోబోయే ముందు పెట్టుకోకండి.

ఎప్సం సాల్ట్ వల్ల మెగ్నీషియం చర్మం గుండా ఒంట్లోకి పోతుందని డబ్బాల మీద రాస్తారు. దానికి గట్టి ఆధారం లేదు. ఆ పేరు చెప్పి ఎక్కువ ధర అడిగితే ఇవ్వకండి. ఒళ్ళు నొప్పులకే అయితే మన పెద్దవాళ్ళు బాలింతలకు కాచే వావిలాకు నీళ్ళు మీకు తెలిసే ఉంటాయి. గుప్పెడు ఆకు వేసి మరిగించి వడగట్టి కలుపుకుంటే పాదాలకు హాయిగా ఉంటుంది, ఖర్చు లేదు. నా పార్లర్‌లో కస్టమర్‌కు రెండూ చూపిస్తాను. కొందరికి ఆకు వాసన ఇష్టం, కొందరికి లావెండర్ వాసన. అలసట తీరడంలో నాకు తేడా కనిపించలేదు.

నానిన తర్వాత చేసే పని నానడమంత ముఖ్యం. మామూలు నీళ్ళు ఒక మగ్గు పాదాల మీద పోసి కడిగేయండి. రుద్దకుండా అద్దినట్టు తుడవండి. మడమల దగ్గర తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె గానీ వాసెలిన్ గానీ పట్టించి కాటన్ సాక్సులు వేసుకోండి. ఇది చేయకుండా రోజూ నానబెడితే పగుళ్ళు తగ్గకపోగా పెరుగుతాయి. వారానికి రెండుసార్లు చాలు.

డబ్బా అయిపోయాక ఇంట్లో చేసుకోవాలనిపిస్తే, మన ఊళ్ళు దానికి చాలా అనుకూలం. బాంబులకు శత్రువు గాలిలోని తేమ. సముద్రపు ఒడ్డు ఊళ్ళలో ఆరబెట్టినవి ఆరబెట్టినట్టే ఉబ్బి పగులుతాయి. మన పొడి గాలిలో ఒక్క రోజుకే రాయిలా గట్టిపడతాయి. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో మాత్రం నేను చేయను.

నా కొలత ఇది: వంటసోడా 200 గ్రాములు, నిమ్మ ఉప్పు 120, కార్న్‌ఫ్లోర్ 60, కొబ్బరినూనె రెండు టీస్పూన్లు. నిమ్మ ఉప్పు మామూలు కంటే కాస్త ఎక్కువ వేస్తాను, సోడా తక్కువ మిగలడానికి. నిమ్మ ఉప్పును మిక్సీలో మెత్తగా పట్టి, అన్నీ జల్లించి కలపండి. నూనె వేసి వేళ్ళతో నలపండి. స్ప్రే సీసాతో నీళ్ళు ఒక్కసారి కొట్టి కలపడం, మళ్ళీ ఒక్కసారి కొట్టడం, అంతే. పిండి బుస్సుమంటే నీళ్ళు ఎక్కువైనట్టు. గుప్పిట్లో బిగిస్తే రవ్వలడ్డు ఉండలా నిలబడాలి, అప్పుడు ఆపేయండి. చిన్న స్టీలు గిన్నెల్లో నొక్కి, బోర్లించి, నీడలో ఒక రోజు ఆరబెట్టండి. సువాసన నూనె వేయాలనుకుంటే ఈ కొలతకు పదిహేను ఇరవై చుక్కలు దాటొద్దు. కోకో బటర్ వేసే పద్ధతులు చలి దేశాలవి. అది 34 నుంచి 38 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. మన ఏప్రిల్ ఎండకు డబ్బాలోనే కారుతుంది.

కిరాణా కొట్లో "సోడా" అని మాత్రం అడగకండి. వంటసోడా అని రాసి ఉన్న ప్యాకెట్టే తీసుకోండి. విడిగా పొట్లం కట్టి ఇచ్చేచోట బట్టల సోడా వచ్చే ప్రమాదం ఉంది. చూడ్డానికి రెండూ తెల్ల పొడులే. బట్టల సోడా చాలా ఘాటైన క్షారం, చర్మం మంట పుడుతుంది. ఇంట్లో చేసినవి మీ ఇంటివరకు వాడుకోండి. అమ్మాలంటే కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం తయారీకి లైసెన్సు ఉండాలి. మీరు బయట కొనేటప్పుడు కూడా లేబుల్ మీద లైసెన్సు నంబరు, అందులో ఏమేం కలిపారో చూసుకోండి.

పాతవి పాడైపోతాయా అంటే, విషంగా ఏమీ మారవు, పొంగడం మానేస్తాయి. ఆరు నెలల నుంచి ఏడాది దాకా బాగుంటాయి. గ్లాసు నీళ్ళలో చిటికెడు వేసి చూడండి. పొంగకపోయినా నూనె వాసన మక్కిపోకుండా ఉంటే వాడుకోవచ్చు. తళుకులు, ఎండిన పూల రేకులు ఉన్నవైతే ముక్కను పాత కాటన్ గుడ్డలో మూటకట్టి వేయండి, లేదంటే కాలువ జాలీలో చిక్కుకుంటాయి.

నానబెట్టిన నీళ్ళను తులసికీ కరివేపాకుకీ పోయకండి. నీళ్ళు వృథా అవుతాయని బాధగా ఉంటుంది, నాకూ ఉంటుంది. కానీ అందులో సోడియం ఉంది, పదే పదే పోస్తే మట్టి బిగిసిపోయి మొక్క చస్తుంది. మరుగుదొడ్డిలో పోయడానికి ఆ పది లీటర్లు చక్కగా పనికొస్తాయి, బకెట్లో పట్టి ఉంచుకోండి.

మీ వదిన ఇచ్చిన డబ్బా వెనక ఏమేం కలిపారో రాసి ఉంటుంది. ఆ పేర్లు ఇక్కడ రాయండి, ఒక్కో బాంబు ఎన్ని గ్రాములో కూడా చెప్పండి. చూసి, మీకు పడనిది ఏదైనా ఉంటే చెప్తాను.